విప్పకుండా తూచిన కట్టలు

ఆ రోజు ఆ గదిలో ఉన్న మనుషులు నలుగురు. ‘కల్లం కబురు’ సంపాదకురాలు అంజమ్మ గారు, యంత్రం నడిపే కోటయ్య, కంప్యూటరు ముందు పేజీలు కట్టే అంజమ్మ గారి మేనకోడలు, తనిఖీకి వెళ్ళిన నేను. ఉన్న వస్తువులు: ఒకే రంగు వేసే పాత ఆఫ్‌సెట్ యంత్రం ఒకటి, న్యూస్‌ప్రింట్ రీములు పదకొండు, అచ్చు ప్లేట్లు ఆరబెట్టుకునే తీగ, గోడ గడియారం, టీ ఫ్లాస్కు, తలుపు పక్కన పురికొసతో కట్టిన పాత పత్రికల కట్టలు తొమ్మిది. నా సంచిలో కొక్కెం ఉన్న డిజిటల్ తక్కెడ, కాగితం మందం కొలిచే మైక్రోమీటరు, భూతద్దం, స్టీలు స్కేలు. కరెంటు ఉంది. వాన లేదు. సమయం మధ్యాహ్నం మూడుంబావు.

ఇది నా తనిఖీ నివేదికలో మొదటి పేజీ. ఇందులో ఒక్క వస్తువు కూడా తప్పుగా రాయలేదు. తప్పు రెండో పేజీలో ఉంది.

ఎవరి కోసం రాస్తున్నాను

పదవీ విరమణ అనే మాట నాకు పెద్దది. నా వయసు ముప్పై నాలుగు. ప్రింటింగ్ టెక్నాలజీలో డిప్లొమా చేసి, ఎనిమిదేళ్ళు జిల్లా కార్యాలయంలో కాంట్రాక్టు మీద టెక్నికల్ అసిస్టెంటుగా పనిచేశాను. చిన్న పత్రికల అచ్చుశాలలు తనిఖీ చేయడం నా పని. పోయిన నెల మానేసి గుంటూరు దగ్గర అట్టపెట్టెల మీద అచ్చువేసే యూనిట్లో చేరాను. ఆ పనిలోకి తిరిగి వెళ్ళను కాబట్టి ఆ మేరకు రిటైరైనట్టే. నా కుర్చీలోకి వచ్చే మనిషికి ఫైళ్ళన్నీ నంబర్లు వేసి అప్పగించాను. ఫైళ్ళలో లేనిది ఇక్కడ రాస్తున్నాను.

ప్రభుత్వం స్థానిక పత్రికలను ఆదుకుంటుంది అంటారు. ఆదుకోవడం అంటే నేను చూసినంతలో మూడు రకాలు: ప్రకటనలు ఇవ్వడం, విలేకరులకు గుర్తింపు కార్డులు ఇవ్వడం, ఆ కార్డు మీద బస్సు ప్రయాణంలో రాయితీ. పత్రికను బతికించేది మొదటిదే. టెండరు ప్రకటన, వేలం ప్రకటన, పశువుల టీకాల ప్రకటన, ఇలాంటివి నెలకు నాలుగు పడితే చిన్న పత్రికకు కాగితం వస్తుంది. అవి పడాలంటే పత్రిక పేరు జాబితాలో ఉండాలి. జాబితాలో ఉండాలా వద్దా అన్న నిర్ణయం పైవాళ్ళది, కానీ వాళ్ళు చూసేది తనిఖీకి వెళ్ళిన మనిషి రాసిన రెండు పేజీలు.

నిబంధనల పుస్తకంలో చూడాల్సిన అంశాలు చాలా ఉంటాయి. నిజంగా చూడాల్సినవి మూడే. పత్రిక అచ్చవుతోందా, చెప్పినన్ని కాపీలు అచ్చవుతున్నాయా, అచ్చయినవి ఎవరైనా చదువుతున్నారా. మొదటి రెండింటికి నా దగ్గర పరికరాలు ఉన్నాయి. మూడోదానికి పరికరం లేదు. ఉందని నమ్మడమే నా చదువు నాకు చేసిన అపకారం.

ప్లేటు మీద గీత

చేరిన రెండో ఏడు ఒంగోలులో ఒక అచ్చుశాలకు వెళ్ళాను. అక్కడ మూడు దినపత్రికలు అచ్చవుతాయని కాగితాల్లో ఉంది. మూడింటికీ ముగ్గురు సంపాదకులు, ముగ్గురూ దాయాదులు. మూడు పత్రికల్నీ బల్ల మీద పక్కపక్కన పరిచాను. పేర్లు వేరు, మొదటి పేజీ ఫొటోలు వేరు. మూడో పేజీలో మాత్రం, కుడివైపు కింద, వెంట్రుక మందాన ఒక తెల్ల గీత అక్షరాల మీదుగా పోయింది. మూడు పత్రికల్లోనూ అదే చోట, అదే పొడవున. అంటే లోపలి పేజీలన్నీ ఒకే ప్లేటుతో అచ్చయ్యాయి. పైన పేరు మార్చి మూడుసార్లు తిప్పారు.

అచ్చుశాల యజమానిని అడిగాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

“ఊరు చిన్నది సార్. వార్తలు కూడా ఒకటేగా మరి.”

“గీత కూడా ఒకటేనండి,” అన్నాను.

ఆయన భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూసి, ఆ ప్లేటు తెచ్చిన మనిషిని తిట్టడం మొదలుపెట్టాడు. పత్రికలు మూడింటి పేర్లూ జాబితాలోంచి పోయాయి. అలాంటివాటిని మా ఆఫీసులో ఫైలు పత్రికలు అంటారు. ఫైల్లో పెట్టుకోవడానికి ఇరవై కాపీలు వేస్తారు, ప్రకటన పడితే అది కత్తిరించి బిల్లుకు అంటిస్తారు. ఊళ్ళో ఎవరూ వాటిని చూసి ఉండరు. అవి తినేది నిజంగా అచ్చయ్యే పత్రికల వాటా. వాటిని ఏరెయ్యడంలో మొహమాటపడకూడదని ఇప్పటికీ నా అభిప్రాయం. పేద సంపాదకుడు కదా అని వదిలేస్తే నష్టపోయేది ఇంకో పేద సంపాదకుడే.

ఆ నివేదిక తర్వాత నాకు ఆఫీసులో కొంచెం పేరొచ్చింది. మా పై అధికారి సీతారామయ్య గారు నివేదిక చదివి సంతకం పెట్టి, “బాగుంది. కన్నుంది కదా అని కాళ్ళు ముడుచుకోకు,” అన్నారు. అప్పుడు అది మామూలు పెద్దల మాటలాగే వినిపించింది.

సీతారామయ్య గారు

ఆయన గురించి కొంత చెప్పాలి. ఎత్తు తక్కువ, గొంతు తక్కువ, కోపం ఇంకా తక్కువ. ఆఫీసుకు రోజూ వచ్చే పత్రికలన్నీ ఒక ఇనప ర్యాకులో పెట్టేవాళ్ళం. నెల తిరిగాక పాతకాగితాల వాడికి ఇచ్చేవాళ్ళం. సీతారామయ్య గారు మధ్యాహ్నం ఆ ర్యాకులోంచి చేతికందిన పత్రిక ఒకటి లాగి, బల్ల మీద పరిచి, దాని మీద క్యారియర్ విప్పుకునేవారు. తింటూ ఆ పాత పత్రికే చదివేవారు. పులుసు పడిన చోట ఆగి, వేలితో తుడిచి, మళ్ళీ చదివేవారు. మేం వెనక నవ్వుకునేవాళ్ళం. ఇవాళ్టి పత్రిక చదివే అధికారులు చాలామంది ఉంటారు, మూడు వారాల కిందటిది చదివే అధికారి ఈయన ఒక్కరే అనేవాళ్ళం.

ఆయన దగ్గర రెండు సంగతులు నేర్చుకున్నాను. మొదటిది ఫోన్ల గురించి. ఫలానా పత్రికను జాబితాలో పెట్టండి అని పెద్దవాళ్ళ పేరు చెప్పి ఫోన్లు వస్తాయి. మీకూ వస్తాయి. ఆయన కాదనేవారు కాదు. “తప్పకుండా పెడదామండి. ఒక నెల పత్రికలు పంపించండి, మావాళ్ళు కూర్చుని చదువుతారు,” అనేవారు. వందలో తొంభైసార్లు ఆ పత్రికలు రావు. వస్తే నిజంగానే కూర్చుని చదివేవారు.

రెండోది పొగడ్త గురించి. ఒకసారి గుంటూరు వైపు వారపత్రిక ఒకటి మా జిల్లా అధికారుల్ని పేర్లు పెట్టి ఏకిపారేసింది. దానికి ప్రకటన ఇవ్వాలా అని నేనే అడిగాను.

“తిట్టినాయన పత్రిక అచ్చేశాడా?”

“వేశాడండి.”

“చెప్పినన్ని వేశాడా?”

“ఇంకో యాభై ఎక్కువే వేశాడండి.”

“మరింకేం. మనం లెక్కపెట్టేది కాపీల్ని.”

ప్రభుత్వం ఇచ్చే ప్రకటన చందా కాదు, బహుమానం కాదు. పత్రిక ఎవరి దగ్గరికి వెళుతుందో వాళ్ళకు ఒక సమాచారం చేర్చడానికి ఇచ్చేది. పొగిడే పత్రికకు ఎక్కువ, తిట్టే పత్రికకు తక్కువ ఇస్తే కొన్నాళ్ళకు జాబితా నిండా పొగిడేవాళ్ళే మిగులుతారు, వాళ్ళను చదివేవాళ్ళు ఉండరు. ఇది నేను రెండు జిల్లాల్లో కళ్ళారా చూశాను.

దర్శిలో రెండో పేజీ

‘కల్లం కబురు’ దర్శి నుంచి వచ్చే సాయంకాల పత్రిక. నాలుగు పేజీలు, నలుపు ఒక్కటే రంగు. గుంటూరు యార్డులో ఆ రోజు మిర్చి ధరలు, పత్తి ధరలు మధ్యాహ్నానికి ఫోన్లో తెలుసుకుని, నాలుగింటికి అచ్చు పూర్తిచేసి, నాలుగున్నర నుంచి కదిలే పల్లె బస్సుల్లో కట్టలు వేస్తారు. కురిచేడు, తాళ్ళూరు, ముండ్లమూరు వైపు మొత్తం తొమ్మిది బస్సులు. పొలం నుంచి మనుషులు ఇంటికి చేరే వేళకు పత్రిక ఊళ్ళో ఉంటుంది.

అంజమ్మ గారికి అప్పటికి యాభై దాటాయి. అంతకుముందు పొగాకు గ్రేడింగులో పనిచేశారు. ఆకు వేళ్ళ మధ్య నలిపి రకం చెప్పేవారట. పత్రిక పెట్టి పద్నాలుగేళ్ళు. విలేకరులు ఎందరు అని అడిగితే జీతం తీసుకునేవాళ్ళు ఎవరూ లేరన్నారు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

మొదటి లెక్క బాగానే వచ్చింది. యంత్రం పక్కన నిలబడి లెక్కపెట్టాను. పదకొండు వందల ఇరవై కాపీలు. కనీసం ఉండాల్సిన సంఖ్య కన్నా ఎక్కువే. ఆ సంఖ్య ఎంతో ఇక్కడ రాయడం లేదు, అది మారుతూ ఉంటుంది. తర్వాత తలుపు పక్కనున్న తొమ్మిది కట్టలు చూపించి అవేమిటని అడిగాను.

“ఊళ్ళ నుంచి నిన్న బస్సులో తిరిగొచ్చినయి, చూశాక మళ్ళీ కట్టి పెట్టాం. వాటి మీద రాతలుంటాయి బాబూ. విప్పి చూడండి,” అన్నారు అంజమ్మ గారు.

మా లెక్కలో అమ్ముడుపోక తిరిగొచ్చిన కాపీలు తీసెయ్యాలి. ప్రతి సంపాదకుడూ అలాంటి కట్టలకు ఒక కారణం చెబుతాడు. వానలో తడిసినవి, బస్సు అందక మిగిలినవి, అచ్చు మసకేసినవి, పెళ్ళికి వెళ్ళిన ఏజెంటువి. నా నోటుబుక్కు వెనక పేజీలో ఆ సాకులకు ఒక జాబితా పెట్టుకున్నాను. అప్పటికి పదమూడు ఉన్నాయి. అంజమ్మ గారి మాట పద్నాలుగోదిగా రాసుకున్నాను.

“విప్పక్కర్లేదమ్మా. బరువు చాలు,” అన్నాను.

కోటయ్య యంత్రం ఆపి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశాడు. “పత్రిక్కి బరువేంది సార్, మిరపకాయలా?” అన్నాడు. మేనకోడలు నవ్వింది. నేను వాళ్ళకు వివరంగా చెప్పాను. కాపీ అంటే ఒక్క షీటు. యాభై ఆరు సెంటీమీటర్ల పొడవు, నలభై వెడల్పు. ఈ కాగితం చదరపు మీటరుకు నలభై అయిదు గ్రాములు. అంటే కాపీకి పది గ్రాములు, ఒక పిసరు పైన. కట్టలు ఒక్కొక్కటే కొక్కేనికి తగిలించాను. మొత్తం నాలుగు కిలోల నూట యాభై గ్రాములు. పురికొసకు యాభై గ్రాములు తీసేశాను. శ్రావణమాసం గాలిలో తేమ ఉంటుంది, కాగితం పీలుస్తుంది, దానికి కూడా తగ్గించాను. నాలుగు వందల కాపీలు తేలాయి. తేమకు తగ్గించిన తనిఖీదారు రాష్ట్రంలో ఇంకొకడు ఉండడని ఆ రోజు గర్వపడ్డాను. సిగ్గుతో రాస్తున్నాను కానీ, పడ్డాను.

పదకొండు వందల ఇరవైలో నాలుగు వందలు పోతే ఏడు వందల ఇరవై. కనీస సంఖ్యకు తక్కువ.

అంజమ్మ గారు ఫ్లాస్కు మూత తీశారు. తనిఖీలో ఏమీ తీసుకోకూడదని నియమం పెట్టుకున్నానని చెప్పాను.

“టీ తాగితే లెక్క మారదులే బాబూ. మీరు మార్చరుగా,” అన్నారు.

నేను తాగకుండానే బస్సెక్కాను. మూడు వారాల్లో ‘కల్లం కబురు’ పేరు జాబితాలోంచి తీసేశారు. సెప్టెంబరు మొదట్లో పత్రిక ఆగిపోయింది. ఆగిందని నాకు తెలుసు. రోజూ ర్యాకులోకి వచ్చే కాపీ రావడం లేదు కాబట్టి, ఆ సంగతి కూడా ఫైల్లో రాశాను. లెక్క సరిపోయిందని దానికి నా అర్థం.

ఉత్తరం లేని అప్పీలు

జాబితాలోంచి పేరు పోయినవాళ్ళు అప్పీలు పెట్టుకోవచ్చు. అందరూ పెడతారు, రంగు కాగితాల ఫైలు కట్టి, పెద్దల సిఫారసు ఉత్తరం జతచేసి. అంజమ్మ గారు కాగితం ఏదీ పంపలేదు. సెప్టెంబరు చివర్లో పురికొసతో కట్టిన పత్రికల కట్ట ఒకటి ఆఫీసుకు వచ్చింది. మీద చిన్న చీటీ. ‘తూకం వేసిన బాబు గారికి’ అని ఉంది. ఉత్తరం లేదు కాబట్టి నమోదు నంబరు పడలేదు. పాత కాపీలు పంపి పత్రిక వస్తున్నట్టు చూపించుకుంటున్నారు అనుకున్నాను. చీటీ తీసేసి కట్టను ర్యాకులో పెట్టాను. నేనే పెట్టాను, ఇంకెవరూ కాదు. ర్యాకు అడుగున పడటం వల్ల పాతకాగితాల వాడి చేతికి పోలేదు. అది నా తెలివి కాదు.

డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం సీతారామయ్య గారు నన్ను పిలిచారు. వెళ్ళేసరికి క్యారియర్ విప్పి ఉంది, తినడం ఆపేశారు. గిన్నె కింద ‘కల్లం కబురు’ ఆగస్టు కాపీ. అంచుల్లో ఖాళీ ఉన్న చోటల్లా పెన్సిల్ రాతలు, రెండు రకాల చేతిరాత.

“దీని కట్ట ఎక్కడిది?”

చెప్పాను. దర్శిలో తూచిన కట్టల లాంటిదేనని కూడా చెప్పాను.

“తూచావు సరే. ఇది తీసుకెళ్ళి చదువు,” అన్నారు.

కట్టలో నలభై నాలుగు కాపీలు ఉన్నాయి. వాటిలో నలభై ఒక్క కాపీల మీద రాతలున్నాయి. కొన్ని ఇక్కడ రాస్తాను, చదివితే మీకే తెలుస్తుంది.

‘నిన్న వేసిన తేజ మిర్చి ధర ఎక్కువ. మా బావ అమ్మాడు, అంత పడలేదు. సరి చూడండి.’

‘కాలవ నీళ్ళు చివరి పొలాలకు రాలేదు. తూము దగ్గర ఎవరో అడ్డేశారు. పేరు వెయ్యొద్దు, సంగతి వెయ్యండి.’

‘మా అత్త నరసమ్మ పోయింది. పెద్దకర్మ ఆదివారం. మా ఆడబిడ్డలు తాళ్ళూరు వైపు ఉన్నారు, చూస్తారు.’

‘పడమటి బజారు బోరు మూడు రోజుల్నుంచి లేదు. పోయినవారం కూడా రాశాను.’

‘అంజక్కా, మొన్నటి రాశిఫలాలే మళ్ళీ వేశావు. మొన్నటివి కూడా జరగలేదు.’

ఇదీ ఆ పత్రిక పనిచేసే పద్ధతి. కాపీలన్నీ డబ్బు కట్టి తీసుకున్నవే. ఊళ్ళో పదిమంది చదివాక, చెప్పాల్సింది ఉన్నవాళ్ళు ఆ కాపీ అంచుల్లోనే రాసి, మర్నాడు పొద్దున బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్ళు. మధ్యాహ్నానికి అంజమ్మ గారు కట్టలు విప్పి, పనికొచ్చేది ఏరి, అనుమానం ఉన్నదానికి ఫోన్ చేసి, సాయంత్రం పత్రికలో వేసేవారు. జీతం తీసుకునే విలేకరులు లేరన్నది నిజమే. చదివేవాళ్ళే విలేకరులు. నేను ఎవరూ చదవలేదని తీసేసిన నాలుగు వందల కాపీలే, ఆ పత్రికలో అందరికన్నా ఎక్కువగా చదివిన కాపీలు.

డిప్లొమాలో మాకు కాగితం బరువు, సిరా చిక్కదనం, చుక్కల సైజు నేర్పారు. ఇది నేర్పలేదు అనను. విప్పి చూడండి అని ఆవిడ నోటితో చెప్పారు. అంతకన్నా ఎవరూ ఏమీ నేర్పలేరు.

తొమ్మిది రోజులు

తప్పు దిద్దడానికి రెండు దారులున్నాయని సీతారామయ్య గారు చెప్పారు. దాపరికం లేకుండా రెండూ చెప్పారు.

“ఆవిడ చేత కొత్త దరఖాస్తు పెట్టించొచ్చు. నీ పాత నివేదిక జోలికి ఎవరూ పోరు. నీ మీదికి ఏమీ రాదు. కానీ కొత్త దరఖాస్తు అంటే పత్రిక ఆగకుండా వస్తున్నట్టు చూపించాలి. ఆగిపోయిన పత్రిక ఏం చూపిస్తుంది? రెండోది, నా తనిఖీ పద్ధతి తప్పు, పాత నివేదిక రద్దు చెయ్యండి అని నువ్వే రాయడం. రాస్తే పాత తేదీ నుంచే పేరు తిరిగొస్తుంది. నీ ఫైల్లో మాత్రం ఆ కాగితం ఉండిపోతుంది. మార్చిలో నీ కాంట్రాక్టు పొడిగింపు ఉంది. అది చూసే మనిషి నేను కాదు.”

ఏం చెయ్యమంటారని అడిగాను.

“నేను చెబితే నా మాట వినాలి. మాట వినేవాడు రాసిన కాగితం వేరేగా ఉంటుంది,” అని గిన్నె మూతపెట్టుకున్నారు.

ఆ రోజే రాశానని ఇక్కడ రాస్తే బాగుండేది. రాయలేదు. ఒకసారి దర్శి వెళ్ళి చూసొచ్చాక రాద్దాం అనుకున్నాను. వెళ్ళడానికి వారం పట్టింది. వేరే పనులున్నాయని చెప్పుకున్నాను. ఉన్నాయి కూడా, కానీ ఆ వారం వాటిలో ఒక్కటీ పూర్తిచేయలేదు.

దర్శిలో అచ్చుశాల తలుపు తీసే ఉంది. యంత్రం మీద గోనెపట్టా కప్పారు. కోటయ్య పత్తి జిన్నింగు మిల్లులో పనికి పోతున్నాడు. అంజమ్మ గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. పక్కన కట్టలు ఉన్నాయి. పత్రిక ఆగిపోయినా కట్టలు రావడం ఆగలేదు. కొత్త కాపీ లేదు కాబట్టి జనం ఇళ్ళల్లో ఉన్న పాత కాపీల మీద, మిగిలిన ఖాళీలో, ఫొటోల మీద కూడా రాసి పంపారు. మొదట్లో రోజుకు తొమ్మిది కట్టలు, తర్వాత నాలుగు, అప్పటికి రెండు.

“వెయ్యనని తెలుసు వాళ్ళకు. అయినా పంపుతారు. అలవాటు,” అన్నారు.

అందులోంచి ఒకటి తీసి నా చేతికిచ్చారు. నవంబరులో కురిచేడు వైపు ఊరి నుంచి వచ్చింది. ఎవరో పెద్ద అక్షరాలతో, బడి పిల్లల రాతలా రాశారు. ‘నల్ల తామర పురుగు మిరప పూతలో దిగింది. పువ్వు విదిలిస్తే రాలుతోంది. కింది ఊళ్ళకు చెప్పండి, చూసుకుంటారు.’

“ఇది వేశారా?” అని అడిగాను. ఏం అడుగుతున్నానో అడిగాక తెలిసింది.

“దేన్లో వెయ్యను బాబూ? నా దగ్గర ఫోన్ నంబర్లున్న ఊళ్ళు రెండు. ఆ రెండింటికీ చేశాను. తాళ్ళూరు వైపు వాళ్ళకు పదిరోజులు ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిస్తే పూత నిలిచేదా అంటే, నేను చెప్పలేను. నిలిచేదేమో. ఆ పురుగుకు మందు కూడా సరిగా పనిచెయ్యదు. కానీ తెలిసుండేది.”

నేను తప్పు నాదేనని చెప్పాను. మళ్ళీ తనిఖీ ఉంటుందని, పాత నివేదిక రద్దు చెయ్యమని రాస్తానని చెప్పాను. ఆవిడ మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఒక్క సంగతి అడిగారు.

“రాస్తే నీ ఉద్యోగానికి ఏమన్నా అవుద్దా?”

అయితే అవ్వొచ్చు అన్నాను.

“అయితే కాస్త చూసుకుని రాయి. అబద్ధం లేకుండా రాయి, అంతకన్నా ఎక్కువ రాయమాకు. నిన్ను నువ్వు తిట్టుకుంటే నా పత్రిక రాదు.”

ఆ సాయంత్రం వాళ్ళింట్లో టీ తాగాను. ఆఫీసుకు వచ్చాక ఇంకో రెండు రోజులకు కాగితం రాశాను. మొత్తం తొమ్మిది రోజులు. అందులో ఒక ఆదివారం పోతే ఎనిమిది పత్రికలు. అవి ప్రభుత్వం ఆపినవి కావు, నిబంధన ఆపినవి కావు, నేను ఆపినవి.

కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. తిరిగొచ్చిన కాపీలను విప్పకుండా బరువుతో లెక్కించాను. అవి అమ్ముడుపోనివి కావు, పాఠకులు వార్తలు రాసి పంపినవి. సంపాదకురాలు ఆ మాట తనిఖీ రోజే చెప్పారు, నేను పట్టించుకోలేదు. నివేదికలో రెండో పేజీ రద్దు చేయగలరు. సీతారామయ్య గారు చదివి, మూడో వాక్యం కింద వేలు పెట్టి, “ఇది తీసేసినా పని జరుగుతుంది,” అన్నారు. ఉండనివ్వండి అన్నాను. సంతకం పెట్టారు. దాని కింద తనూ ఒక వాక్యం చేర్చారు. కట్టలు విప్పారా అని నేనూ అడగలేదు, అని.

మార్చిలో నా కాంట్రాక్టు పొడిగించారు, ఏడాదికి బదులు ఆరు నెలలకు. అంతకన్నా ఏమీ జరగలేదు. ఆ భయానికి ఎనిమిది పత్రికలు.

మీ నోటుబుక్కు గురించి

కొత్తగా వచ్చేవాళ్ళకు నా తక్కెడ అప్పగించాను. అది మంచి పరికరం, పారెయ్యకండి. కాగితం రీములు నిజంగా ఎన్ని వాడారో పట్టుకోవడానికి పనికొస్తుంది. సాకుల జాబితా మాత్రం చింపేశాను. జాబితా రాసుకున్నవాడికి ఎదుటి మనిషి మాట వినపడదు, ఎన్నో నంబరు సాకో వినపడుతుంది. అందులోని పదమూడూ అబద్ధాలే అయి ఉండొచ్చు. పద్నాలుగోది కాదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ప్రతి తనిఖీలో కట్టలు విప్పాను. చాలాచోట్ల లోపల ఏమీ లేదు, తెల్ల అంచులే. చీరాలలో ఒక పత్రిక కట్టల్లో మాత్రం మగ్గాల వాళ్ళు నూలు ధరలు వేసుకున్న లెక్కలు కనిపించాయి. విప్పడానికి కట్టకు నాలుగు నిమిషాలు పడుతుంది. తొమ్మిది కట్టలకు ముప్పై ఆరు.

మళ్ళీ అచ్చయిన రోజు

జనవరి మూడో వారంలో, మిరప మొదటి కోత మొదలయ్యాక, ‘కల్లం కబురు’ మళ్ళీ అచ్చయింది. కోటయ్య మిల్లు మానేసి వచ్చాడు. నేను సెలవు పెట్టి వెళ్ళాను, తనిఖీకి కాదు. మూడున్నరకు పేజీలు సిద్ధమయ్యాయి. మేనకోడలు మొదటి పేజీ పైన సంచిక నంబరు వెయ్యబోతూ ఆగింది. సెప్టెంబరు మొదట్లో ఎక్కడ ఆగామో దాని తర్వాతది వెయ్యనా అని అడిగింది.

“వద్దు,” అన్నారు అంజమ్మ గారు. “అట్టా వేస్తే మధ్యలో ఆగలేదన్నట్టు ఉంటుంది. పోయినవాటి నంబర్లు వాటికి ఉంచి, ఆ తర్వాతది వెయ్యి. ఎప్పుడన్నా ఎవరన్నా చూస్తే ఖాళీ కనపడాల.” తర్వాత నా వైపు తిరిగి, “ఎన్ని పోయాయో నువ్వు లెక్కపెట్టు బాబూ,” అన్నారు.

కోటయ్య యంత్రం దగ్గర నిలబడి చూస్తున్నాడు. గోడకున్న పాత క్యాలెండరు, కొత్త క్యాలెండరు రెండూ దింపి బల్ల మీద పెట్టుకున్నాను. ఆదివారాలు తీసేశాను. పత్రికకు సెలవుండే పండగలు తీసేశాను. మొదటినుంచి ఒకసారి, చివరినుంచి ఒకసారి లెక్కపెట్టాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది.

రాని సంచికలు నూట పదిహేను.